గంప కింద జీపీఎస్, గంగాళం కింద జీపీఎస్

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను మా పరిగిలో ఒక విమానాన్ని పోగొట్టుకున్నా. నిజం విమానం కాదులెండి, మోడల్ విమానం. థర్మాకోల్ లాంటి ఫోమ్‌తో చేసింది, రెక్కలు చాపితే నా చేతులంత ఉంటుంది. ఫ్రెండ్స్ ముగ్గురం కలిసి ఒక సెమిస్టర్ అంతా కష్టపడి తయారు చేసుకున్నాం. ముక్కులో మోటార్, మోటార్ వెనకాలే ఆటోపైలట్ బోర్డు, దాని పక్కన చిన్న జీపీఎస్. సిగ్నల్ పోతే తనంతట తానే బయల్దేరిన చోటికి తిరిగి రావాలని ప్రోగ్రామ్ కూడా రాశా. కంప్యూటర్ సైన్స్ కదా, ఆ భాగం నాదే. చాలా గర్వంగా ఉండేది.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఒక తెలివితక్కువ పని చేశా. ముక్కు మీద ఉన్న ఫోమ్ మూత బాగోలేదని, ఆన్‌లైన్‌లో కొన్న నల్లటి కార్బన్ ఫైబర్ షీట్ కోసి కొత్త మూత పెట్టా. చూడ్డానికి ఫైటర్ జెట్ లాగా ఉంది. ఫోటోలు తీసి గ్రూపులో పెట్టుకున్నాం.

మరుసటి రోజు చెరువు అవతల ఎగరేశాం. రెండు నిమిషాలు బాగానే ఎగిరింది. దూరం వెళ్లింది, రిమోట్ సిగ్నల్ తెగింది. ఇప్పుడు వెనక్కి వస్తుంది చూడు మచ్చా అన్నా. రాలేదు. ఎటో ఒకవైపు వాలుతూ, వాలుతూ కంది చేల వెనక మాయమైపోయింది. పొద్దుగూకే దాకా వెతికాం. మా చిన్నాయన బండి మీద వచ్చి "ఏమప్పా, యాడికి పాయ మీ విమానం?" అని నవ్వాడు. మూడో రోజు ఒక గొర్రెలాయన తెచ్చిచ్చాడు, ఒక రెక్క లేకుండా. మెమరీ కార్డు మాత్రం బతికింది. అందులో డేటా చూస్తే అసలు విషయం అర్థమైంది. టేకాఫ్ నుంచీ జీపీఎస్‌కి సరిపడా శాటిలైట్లే దొరకలేదు. నా కోడ్ తిరిగి వద్దామనే అనుకుంది. కానీ తాను ఎక్కడుందో దానికే తెలీదు!

ఆ తప్పు ఎందుకు జరిగిందా అని చదవడం మొదలుపెడితే, ఎక్కడో అమెరికాలో సొంతంగా నిజం విమానాలు కట్టుకునేవాళ్లు సరిగ్గా ఇదే ప్రశ్న మీద ఏళ్ల తరబడి బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారని తెలిసింది. ప్రశ్న ఇది: విమానం యాంటెనాని ఇంజన్ ఉండే గదిలో, మూత కింద దాచిపెట్టొచ్చా? దానికి జవాబు నాకు అర్థమైనంతలో మీకు చెప్తా. ఈసీఈ వాళ్లు తప్పులుంటే క్షమించండి.

ఇంట్లో విమానం కట్టడమేంటి?

నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. కానీ ఇది పెద్ద లోకం. అమెరికాలో 1953లోనే పాల్ పోబెరెజ్నీ అనే ఆయన ఇలాంటివాళ్లందరికీ ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టాడు. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీర్ 1970లలో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ మొదలుపెట్టి, ఆర్‌వీ అనే పేరుతో విమానం కిట్లు అమ్మాడు. రేకులు, రివెట్లు, డ్రాయింగులు పెట్టెల్లో వస్తాయి. కొన్నవాళ్లు గ్యారేజీలో కూర్చుని ఏళ్లకేళ్లు కట్టుకుంటారు. ఇప్పటికి 10 వేలకు పైగా ఆర్‌వీలు ఆకాశంలోకి ఎగిరాయి. అక్కడి రూల్ ప్రకారం పనిలో సగానికి మించి సొంతంగా చేస్తేనే దాన్ని హోమ్‌బిల్ట్ అంటారు.

మన దేశంలో ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ తన అపార్ట్‌మెంట్ మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016లో మేక్ ఇన్ ఇండియా వారోత్సవంలో ప్రదర్శనకి పెట్టాడు. మేడ మీద అప్పడాలు ఎండబెట్టుకునే దేశంలో విమానం కట్టాడాయన.

అంత చోటుండగా ఇంజన్ పక్కనే ఎందుకు?

ఒక చిన్న విమానానికి కూడా చాలా యాంటెనాలు కావాలి. కంట్రోల్ టవర్‌తో మాట్లాడే రేడియోకి ఒకటి. రాడార్‌కి "నేను ఫలానా" అని జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌కి ఒకటి. జీపీఎస్‌కి ఒకటో రెండో. ప్రమాదం జరిగితే దానంతటదే అరిచే ఈఎల్‌టీకి ఒకటి. అన్నీ బయట పెడితే విమానం ముళ్లపంది లాగా తయారవుతుంది. ప్రతి కడ్డీ గాలిని అడ్డుకుంటుంది, స్పీడు తగ్గుతుంది. పైగా రెండు మూడేళ్లు నున్నగా పాలిష్ చేసిన ఒంటికి డ్రిల్లుతో బొక్క పెట్టాలంటే ఎవరికి మనసొస్తుంది?

మరి లోపల దాచేద్దామంటే ఆర్‌వీ లాంటి విమానాల ఒళ్లంతా అల్యూమినియం. అందులోకి రేడియో తరంగం దూరదు. దూరగలిగే చోట్లు కొన్నే ఉంటాయి. పైలట్ తల మీదుండే అద్దాల గూడు ఒకటి. రెక్కల చివరి తొడుగులు ఇంకోటి. మూడోది ఇంజన్ మీద బోర్లించే మూత. దాన్ని కౌలింగ్ అంటారు. మన కారు బానెట్ లాంటిదే, కానీ ఆర్‌వీల్లో అది రేకు కాదు, ఫైబర్‌గ్లాస్. అంటే గాజు నారని ఎపాక్సీ జిగురులో తడిపి గట్టిపరిచింది. రేడియో తరంగానికి అది దాదాపు కిటికీ అద్దంతో సమానం. అంత పెద్ద కిటికీని కట్టేవాళ్లు ఖాళీగా వదలరు కదా.

జేజి పెరట్లో ప్రయోగం

ఈ "కిటికీ" సంగతి నమ్మడానికి నేను మా జేజి ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేశా. మీరూ చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఫోన్‌లో శాటిలైట్ల బలం చూపించే ఫ్రీ యాప్‌లు ఉంటాయి. ఒక్కో శాటిలైట్‌కీ ఒక్కో గీత. సిగ్నల్ బాగుంటే గీత పొడుగ్గా ఉంటుంది.

పెరట్లో ఫోన్ పెట్టి, స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి, దాని మీద కోడిపిల్లల్ని కమ్మే వెదురు గంప బోర్లించా. తీసి చూస్తే గీతలు కదల్లేదు. ప్లాస్టిక్ టబ్బు బోర్లించా, అదే కథ. పట్టుపురుగుల షెడ్డు మీద మిగిలిపోయిన ఫైబర్ షీట్ ముక్క కప్పినా అంతే. తర్వాత గోనెసంచి బాగా తడిపి, మడతలు పెట్టి కప్పా. గీతలు కొంచెం కుంగాయి. నీళ్లు ఈ తరంగాల్ని తాగుతాయి. చివరికి ఇత్తడి గంగాళం బోర్లించా. గీతలు ఒక్కొక్కటీ రాలిపోయాయి. గంగాళం అంచు కింద ఒకవైపు రాయి పెట్టి కాస్త ఎత్తితే, ఆ సందులోంచి ఒకటి రెండు మళ్లీ కనపడ్డాయి.

జేజి అంతా చూసి "ఏందప్పా, గంగాళం కింద ఫోన్ పెట్టి పిల్లల్ని పొదిగిస్తాండావా?" అంది. నేను వివరించబోయా. "గంప అయితే గాలాడుతుంది, గంగాళం అయితే ఆడదు, అంతేగదా. దానికింత సదువెందుకు?" అని లోపలికి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే ఈ ఆర్టికల్ సారాంశం అదే. మిగతా అంతా దాని వివరణ.

గంప వెదురు, కరెంటుని పారనివ్వదు. కాబట్టి తరంగం అందులోంచి వెళ్లిపోతుంది. గంగాళం లోహం. తరంగం తగలగానే దాని ఒంట్లోని ఎలక్ట్రాన్లు ఊగి, వచ్చినదాన్ని వెనక్కి తిప్పి కొడతాయి. దీనికి దళసరి లోహమే అక్కర్లేదు. జీపీఎస్ తరంగం అల్యూమినియంలోకి మైక్రాన్లలో లెక్కపెట్టేంత లోతుకే దిగుతుంది. టిఫిన్ కట్టే ఫాయిల్ కూడా అంతకంటే మందం. ఇక నేను మోజుపడ్డ కార్బన్ ఫైబర్? చూడ్డానికి ప్లాస్టిక్ లాగా, బరువు లేకుండా ఉంటుంది. కానీ కార్బన్ నార కరెంటుని పారిస్తుంది. అది నల్ల రంగు వేసుకున్న గంగాళం! నేను నా జీపీఎస్ మీద గంగాళం బోర్లించి, తిరిగి రావే అని పిలిచా.

హోమ్‌బిల్ట్ వాళ్లకి ఇది మొదటి పాఠం. కౌలింగ్ ఫైబర్‌గ్లాస్ అయితే గంప, కార్బన్ అయితే గంగాళం. లోహపు పొడి కలిసిన మెటాలిక్ రంగు వేస్తే గంపకి కూడా కొంత అడ్డు తగలొచ్చు. పెద్ద విమానాల్లో కూడా ఇదే సూత్రం. ఎయిర్‌బస్, బోయింగ్ ముక్కు లోపల వాతావరణం చూసే రాడార్ ఉంటుంది. అందుకే ఒళ్లంతా ఏదైనా, ఆ ముక్కు తొడుగు మాత్రం తరంగాన్ని పోనిచ్చే పదార్థంతో చేస్తారు.

1970లలో బర్ట్ రుటాన్ అనే డిజైనర్ వేరీఈజీ, లాంగ్‌ఈజీ అని ఒళ్లంతా ఫోమ్, ఫైబర్‌గ్లాస్‌తో చేసే విమానాలు తెచ్చాడు. వాటికి జిమ్ వెయిర్ అనే ఇంజనీర్ రాగి టేపునే యాంటెనాగా కోసి ఒంట్లోనే అతికించే పద్ధతి చూపించాడు. బయట ఒక్క కడ్డీ కూడా కనపడదు. అంటే దాచడం తప్పేమీ కాదు. దేని వెనక దాచామన్నదే లెక్క.

కిటికీ సరే, ఇల్లెలాంటిది?

కౌలింగ్ తరంగాన్ని పోనిస్తుంది. కానీ లోపల యాంటెనా బతకాలి కదా. ఆ గదిలో ఏముందో ఒకసారి చూద్దాం.

మొదట వేడి. ఎగ్జాస్ట్ గొట్టాల్లో పొగ 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. చిన్న జీపీఎస్ యాంటెనాలు మామూలుగా 85 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. ఎగురుతున్నప్పుడు గాలి జోరుగా తోలుతుంది కాబట్టి పర్వాలేదు. అసలు ప్రమాదం దిగాక ఉంది. ఇంజన్ ఆపగానే గాలి ఆగుతుంది, వేడి మాత్రం ఆగదు. అది పైకి లేచి కౌలింగ్ పైకప్పు కింద చేరుతుంది. జీపీఎస్ ఆకాశం చూడాలి కాబట్టి దాన్ని పెట్టేదీ సరిగ్గా ఆ పైకప్పు కిందే! మే నెలలో మధ్యాహ్నం మన అటకెక్కి చూడండి, సంగతి తెలుస్తుంది. అందుకే జాగ్రత్తపరులు వేడిని బట్టి రంగు మారే స్టిక్కర్లు అక్కడ అతికించి, కొన్నాళ్లు ఎగిరి చూశాకే యాంటెనా బిగిస్తారు. కేబుల్ విషయంలోనూ అంతే. చవకగా దొరికే ఆర్‌జీ-58 కేబుల్ లోపలి ప్లాస్టిక్ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఆర్‌జీ-400లో టెఫ్లాన్ ఉంటుంది, 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది.

రెండోది లోహం. ఇంజన్ అంటే నూరు కిలోల పైబడిన లోహపు ముద్ద. దానికి ముందు తిరిగే ప్రొపెల్లర్, కింద ఎగ్జాస్ట్, చుట్టూ గొట్టాలు. యాంటెనా దగ్గర్లో పెద్ద లోహం ఉంటే రెండు నష్టాలు. ఒకటి, ఆ దిక్కున నీడ పడుతుంది. రెండోది, యాంటెనా శ్రుతి తప్పుతుంది. వీణ తీగని వేలితో నొక్కితే స్వరం మారినట్టు, పక్కన లోహం ఉంటే యాంటెనా పలికే ఫ్రీక్వెన్సీ జరుగుతుంది.

మూడోది రొద. పిస్టన్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులు నిమిషానికి వేల సార్లు మెరుస్తాయి. ప్రతి మెరుపూ ఒక చిన్న రేడియో ప్రసారమే. పాత రోజుల్లో మీ వీధిలో బైక్ వెళ్తుంటే రేడియోలో కరకరమని వచ్చేదని పెద్దవాళ్లు చెప్తారు కదా, అదే ఇది. విమానాల్లో మాట్లాడే రేడియో ఇప్పటికీ ఏఎం పద్ధతిలోనే నడుస్తుంది. కాబట్టి దానికి ఈ కరకర బాగా వినపడుతుంది. జీపీఎస్ చాలా పై ఫ్రీక్వెన్సీలో ఉంటుంది కాబట్టి స్పార్కుల బాధ దానికి తక్కువ.

నాలుగోది వణుకు, నూనె, పెట్రోలు. చిన్న బ్రాకెట్ కూడా గంటల తరబడి వణికితే పగులుతుంది. మోటార్ సైకిల్ నంబర్ ప్లేటు ఎప్పుడూ బోల్టు దగ్గరే ఎందుకు చీలుతుందో మనకి తెలుసు.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం, ఫైర్‌వాల్. ఇది మన సిస్టమ్‌లో ఉండే ఫైర్‌వాల్ కాదు, దానికి పేరిచ్చిన అసలుది. ఇంజన్‌కీ మనుషులకీ మధ్య ఉండే గోడ. ఆర్‌వీల్లో సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు. సర్టిఫై అయిన విమానాల్లో ఈ గోడ సుమారు 1,100 డిగ్రీల మంటని 15 నిమిషాలు ఆపాలి. యాంటెనా అటు ఉంటే కేబుల్ ఇటు రావాలి, అంటే గోడకి ఒక బొక్క. ఆ బొక్కలో మామూలు రబ్బరు వాషర్ పెట్టామంటే మంటకి తలుపు తెరిచినట్టే. మంట దాకా కూడా అక్కర్లేదు, అందులోంచి వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తే చాలు. స్టీల్ తొడుగు పెట్టి, మంటకి ఓర్చే సీలెంట్‌తో మూయాలి.

ఏది లోపల, ఏది బయట?

ఇప్పుడు ఒక్కో యాంటెనాకీ తీర్పు చెప్పొచ్చు. దానికి ఒక్క లెక్క గుర్తుంటే చాలు. కాంతి వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తరంగం పొడుగు వస్తుంది. కడ్డీ యాంటెనా మామూలుగా అందులో నాలుగో వంతు ఉంటుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివి మర్చిపోయిందే.

జీపీఎస్: ఫ్రీక్వెన్సీ 1575.42 మెగాహెర్ట్జ్, తరంగం 19 సెంటీమీటర్లు. యాంటెనా అరచేతిలో పట్టే బిళ్ల. చాలామంది ఆర్‌వీ కట్టేవాళ్లు ఫైర్‌వాల్ పై అంచుకి ఒక చిన్న అల్యూమినియం అర బిగించి, దాని మీద బిళ్లని ఆకాశం వైపు చూసేలా పెడతారు. పైన ఫైబర్‌గ్లాస్ కౌలింగ్. ఇంజన్ కిందగా ఉంటుంది కాబట్టి పైన ఆకాశం చాలావరకు తెరిచే ఉంటుంది. ఇది పనిచేస్తుంది. కాకపోతే వెనక దిక్కున కిందగా ఉన్న శాటిలైట్లు కొన్ని తగ్గుతాయి. పగలు దారి చూసుకుంటూ ఎగిరేవాళ్లకి ఇది చాలు. మబ్బుల్లో పూర్తిగా జీపీఎస్‌నే నమ్ముకుని దిగేవాళ్లకి మాత్రం పరికరం తయారీదారు మాన్యువల్ చెప్పిన చోటే, బయట వీపు మీదే పెట్టాలి.

ఇక్కడ ఒక మాట. జీపీఎస్ శాటిలైట్ 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన దాకా చేరే శక్తి ఎంతంటే, ఒక వాట్‌ని కోటి ముక్కలు చేసి, అందులో ఒక ముక్కని మళ్లీ కోటి ముక్కలు చేసి, అందులో ఒకదాన్ని ఇంకో వంద ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క. అంత సన్నటి గొంతు వినాలంటే పక్కన ఎవరూ అరవకూడదు. కానీ విమానం సొంత రేడియోనే అరుస్తుంది. రేడియో 131.25 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడితే, దాని 12వ రెట్టింపు 1575. అలాగే 121.175కి 13వ రెట్టింపు 1575.275. రెండూ జీపీఎస్ గుమ్మం ముందే! ఏ ట్రాన్స్‌మిటర్ అయినా అసలు ఫ్రీక్వెన్సీతో పాటు ఈ రెట్టింపుల్ని కూడా చిన్నగా గొణుగుతుంది. అందుకే రెండు యాంటెనాలూ పక్కపక్కన ఉండకూడదంటారు.

ట్రాన్స్‌పాండర్: 1030 మీద వింటుంది, 1090 మీద జవాబిస్తుంది. కడ్డీ 7 సెంటీమీటర్లే, కాబట్టి చోటు సమస్య కాదు. కొందరు కౌలింగ్ లోపల కింది భాగంలో పెట్టి చూశారు. ఒక లాభం ఉంది. ఇది క్షణకాలం నూరు వాట్లకు పైగా శక్తితో కొడుతుంది, మధ్యలో స్టీల్ ఫైర్‌వాల్ ఉంటే మనుషులకి అడ్డు. నష్టం ఏంటంటే అక్కడే ఎగ్జాస్ట్ గొట్టాలు ఉంటాయి. వేడి, లోహం, రెండూ. ఒక దిక్కున నీడ పడిందంటే ఆ దిక్కునున్న రాడార్‌కి మీరు లేనట్టే. ఎదురుగా వచ్చే విమానానికి కనపడకపోవడం చిన్న విషయం కాదు. అందుకే ఎక్కువమంది దీన్ని పొట్ట కిందే పెడతారు.

మాట్లాడే రేడియో: 118 నుంచి 137 మెగాహెర్ట్జ్. కడ్డీ సుమారు 60 సెంటీమీటర్లు, కాళ్ల కింద అంతే వెడల్పు లోహపు నేల కావాలి. ఇంజన్ గదిలో అంత పొడుగు కడ్డీని లోహానికి తగలకుండా, దగ్గరికి కూడా పోకుండా పెట్టడం దాదాపు కుదరదు. శ్రుతి తప్పితే పంపిన శక్తి బయటికి పోకుండా వెనక్కి తిరిగి రేడియోలోకే వస్తుంది. పైగా స్పార్క్ ప్లగ్గుల రొద మధ్యలో కూర్చుని వినాలి. పెళ్లి బ్యాండు మేళంలో నిలబడి ఫోన్ మాట్లాడినట్టు. దీన్ని బయట పెట్టండి, గొడవ లేదు.

ఇక ఈఎల్‌టీ. దీని గురించి కొంచెం ఆగి చెప్పాలి.

పడ్డాక దొరకడం వేరే లెక్క

2009 సెప్టెంబర్ 2. నాకప్పుడు మూడేళ్లు, ఏమీ గుర్తులేదు. అమ్మ చెప్తుంది, ఆ రోజు పొద్దున్నుంచి రాత్రంతా మా వీధిలో ఏ ఇంట్లోనూ టీవీ ఆపలేదట. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ దారిలో నల్లమల మీద కనపడకుండా పోయింది. ఒక రాష్ట్రమంతా, సైన్యంతో సహా, వెతికింది. మరుసటి రోజు పొద్దున గానీ పావురాలగుట్ట మీద దొరకలేదు. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు.

అది హోమ్‌బిల్ట్ కాదు, అది యాంటెనా ఎక్కడ పెట్టాలన్న కథా కాదు. కానీ ఆ రోజు మన ఇళ్లల్లో అందరికీ ఒక విషయం తెలిసింది. ఇంత రాడార్లు, ఇన్ని శాటిలైట్లు ఉన్న కాలంలో కూడా ఒక అడవిలో పడ్డ యంత్రాన్ని వెతకడానికి ఒక రోజు పడుతుంది. పడ్డవాళ్లు ప్రాణాలతో ఉంటే ఆ ఒక్క రోజే బతుకూ చావూ.

ఈఎల్‌టీ ఉన్నది ఆ రోజు కోసమే. గట్టి దెబ్బ తగలగానే తనంతట తానే ఆన్ అయ్యి, 406 మెగాహెర్ట్జ్ మీద సుమారు 50 సెకన్లకోసారి అరసెకను పాటు 5 వాట్లతో కేక వేస్తుంది. కోస్‌పాస్-సార్‌సాట్ అనే అంతర్జాతీయ ఏర్పాటు కింద శాటిలైట్లు ఆ కేక వింటాయి. మన దేశానికి దాని కేంద్రం బెంగళూరులో, ఇస్రో దగ్గర ఉంది. అంటే మా హిందూపురం నుంచి రైలెక్కితే చేరేంత దూరంలో. పాత 121.5 మెగాహెర్ట్జ్ కేకల్ని వినడం శాటిలైట్లు 2009 ఫిబ్రవరి 1 నుంచే మానేశాయి. ఇప్పుడు అది దగ్గరికొచ్చాక వెతికేవాళ్లకి దిక్కు చూపడానికే పనికొస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. విమానం పడితే మొదట నేలకి తగిలేది ఏది? ముక్కు. మొదట మంట అంటుకునేది ఎక్కడ? ఇంజన్ గదిలో. ఈఎల్‌టీ పరికరం వెనక తోకలో భద్రంగా ఉన్నా, యాంటెనా ముందు కౌలింగ్ కింద ఉంటే ఏమవుతుంది? పెట్టె అరుస్తూనే ఉంటుంది, నోరు మాత్రం కాలిపోయి ఉంటుంది. మధ్యలో కేబుల్ తెగినా అంతే. కాబట్టి దీనికి తీర్పు ఒక్కటే. వెనక భాగంలో, పెట్టెకి దగ్గరగా, బయట వీపు మీద నిలువుగా. అందం కోసం దీన్ని దాచకూడదు. మిగతావన్నీ ఎగరడానికి. ఇది దొరకడానికి.

పెట్టాక ఎలా తెలుస్తుంది?

కోడ్ రాస్తే టెస్ట్ చేయకుండా పంపిస్తామా? (సరే, చేస్తాం. చేయకూడదు.) దీనికీ టెస్టులున్నాయి. మొదట కౌలింగ్ తీసి శాటిలైట్ల బలం రాసుకోవాలి. తర్వాత కౌలింగ్ బిగించి అదే చోట, అదే దిక్కున మళ్లీ రాసుకోవాలి. తేడా ఎంతో కళ్లముందు ఉంటుంది. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి మళ్లీ. తర్వాత నేను పైన చెప్పిన ఫ్రీక్వెన్సీలకి రేడియోని తిప్పి, ఎవరికీ అడ్డు రాకుండా క్షణకాలం బటన్ నొక్కి, జీపీఎస్ గీతలు కుంగుతున్నాయేమో చూడాలి. విమానాన్ని నాలుగు దిక్కులకీ తిప్పి మళ్లీ చూడాలి. గాల్లోకి వెళ్లాక రెండు వైపులా వాల్చి తిరగాలి, ఎందుకంటే వాలినప్పుడే నీడలు బయటపడతాయి. ఒకసారికి ఒక్క మార్పే. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పాడు చేసిందో తేలదు. బగ్ వెతికినవాళ్లకి ఇది కొత్త కాదు.

నేను ఇందులో మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. కొత్త మూత పెట్టి, ఫోటో తీసి, ఎగరేశా. ఒక్క నిమిషం ల్యాప్‌టాప్ పెట్టి శాటిలైట్ల లెక్క చూసుంటే సున్నా అని కనపడేది. లాజిక్ నాది, అది సరిగ్గానే ఉంది. కానీ లాజిక్‌కి ఇన్‌పుట్ రావాలంటే ఎక్కడో ఒక తరంగం ఒక బిళ్లని తాకాలి, దానికి ఒక దారి ఉండాలి. సీఎస్ఈ వాళ్లం ఆ దారి సంగతి మర్చిపోతాం. మనకి జీపీఎస్ అంటే ఒక లైబ్రరీ ఫంక్షన్, పిలిస్తే రెండు నంబర్లు ఇస్తుంది. ఆ రెండు నంబర్లు 20,200 కిలోమీటర్లు నడిచొచ్చాయని, ఒక నల్లటి మూత దగ్గర ఆగిపోయాయని నాకు ఒక రెక్క విరిగాక గానీ తెలీలేదు.

దసరా సెలవుల్లో విమానానికి కొత్త రెక్క వేశాం. ముక్కు మీద మళ్లీ ఆ పాత ఫోమ్ మూతే. అందంగా లేదు. జీపీఎస్‌ని మోటార్ దగ్గర్నుంచి తీసి వీపు మీద అందరికీ కనపడేలా పెట్టాం. ఒక చిన్న బజర్ కూడా కట్టాం, పడితే కీచుమంటూ ఉండేలా, దాని నోరు బయటికే.

ఎగరేసే ముందు జేజికి చూపించా. అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే అడిగింది.

"ఈసారి గంపేనా?"

గంపే జేజీ.

ఆ రోజు రిమోట్ నేనే ఆఫ్ చేశా, కావాలని. చెరువు అవతల చిన్న చుక్కలా ఉన్నది కాసేపు తడబడింది. తర్వాత మెల్లగా వంగి, ముక్కు మా వైపు తిప్పుకుంది.